పిల్లిమొగ్గలు వేసే హెలికాప్టరు

తిరునాళ్ళలోనూ పట్నం బజార్లలోనూ అమ్మే చిన్న బొమ్మ హెలికాప్టర్లను మీలో చాలామంది చూసే ఉంటారు. మీట నొక్కితే గిర్రుమంటూ పైకి లేస్తాయి, అటూ ఇటూ తిరుగుతాయి, గోడకు తగిలి కింద పడతాయి. అలాంటి బొమ్మను గాలిలో తలకిందులు చేస్తే ఏమవుతుంది? ఎగరదు సరికదా, ఇంకా వేగంగా నేలను గుద్దుకుంటుంది.

కాని రేడియోతో నడిపే మరో రకం నమూనా హెలికాప్టర్లు ఉన్నాయి. అవి గాలిలో పిల్లిమొగ్గలు వేస్తాయి. కాళ్ళు ఆకాశం వైపు పెట్టి, తల నేల వైపు పెట్టి, నిలిచిన చోట కదలకుండా నిలుస్తాయి. ఒకటి చేసే పని రెండోది ఎందుకు చేయలేదు? ఆ పిల్లిమొగ్గను నేర్చుకోవడానికి మనిషికి నెలల తరబడి సాధన ఎందుకు కావాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతికితే, మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని సగం పాఠాలు కళ్ళముందు నిలబడతాయి.

ఫ్యాను చెప్పే పాఠం

ముందు మీ తరగతి గదిలోని సీలింగు ఫ్యానును చూడండి. దాని రెక్కలు చదునుగా ఉండవు, కొంచెం ఏటవాలుగా ఉంటాయి. తిరిగేటప్పుడు ఆ వాలు గాలిని కిందికి తోస్తుంది. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం గాలి కూడా ఫ్యానును అంతే బలంతో పైకి తోస్తుంది. ఫ్యాను బరువు ఎక్కువ, ఆ తోపు తక్కువ. కాబట్టి అది పైకి లేవదు. తోపు బరువును మించితే లేచేదే. అదే హెలికాప్టరు.

తిరునాళ్ళ బొమ్మలో రెక్కల వాలు ఫ్యానులో లాగే స్థిరంగా ఉంటుంది. పైకి వెళ్ళాలంటే మోటారు వేగం పెంచాలి, దిగాలంటే తగ్గించాలి. ఇంతకు మించి ఏమీ లేదు. దాన్ని తలకిందులు చేస్తే రెక్కలు గాలిని ఆకాశం వైపు తోస్తాయి, హెలికాప్టరును నేలవైపు నెడతాయి. మోటారు వేగం పెంచినకొద్దీ ప్రమాదమే పెరుగుతుంది.

పిల్లిమొగ్గలు వేసే హెలికాప్టరు కిటుకు వేరు. అందులో రెక్కల వేగం దాదాపు మారదు, వాలు మారుతుంది. రెక్క తన పొడవునే ఇరుసుగా చేసుకుని కొద్దిగా మెలి తిరగగలదు. ఈ వాలును అన్ని రెక్కలకూ ఒకేసారి మార్చే ఏర్పాటును ‘కలెక్టివ్’ అంటారు. నడిపేవాని చేతిలోని స్టిక్కు పై కొసలో ఉంటే రెక్కలు సుమారు 10 నుంచి 12 డిగ్రీలు పైకి వాలుతాయి. స్టిక్కు మధ్యలో ఉంటే సున్న. కింది కొసలో ఉంటే 10 నుంచి 12 డిగ్రీలు కిందికి, అంటే మైనస్ కోణంలో వాలుతాయి. మైనస్ కోణంలో రెక్క గాలిని తన తల వైపుకు తోస్తుంది. హెలికాప్టరు తలకిందులుగా ఉన్నప్పుడు దాని తల నేలవైపే గదా! కాబట్టి గాలి నేలవైపు పోతుంది, హెలికాప్టరు నిలుస్తుంది.

రెక్క అడ్డుకోత ఆకారం కూడా ఇందుకు తగినట్టే ఉండాలి. విమానం రెక్కకు సాధారణంగా పైభాగాన వంపు ఎక్కువ, కిందిభాగాన తక్కువ. ఈ నమూనా హెలికాప్టర్ల రెక్కకు పైనా కిందా వంపు సమానం. అందువల్ల దానికి ‘పైవైపు’, ‘కిందివైపు’ అన్న తేడా లేదు.

బొంగరం గుణం

పైకీ కిందికీ వెళ్ళడం తెలిసింది. మరి పల్టీ కొట్టాలంటే మొత్తం చక్రాన్నే వంచాలి. ఒక పక్క ఎక్కువ తోపు, ఎదుటి పక్క తక్కువ తోపు కావాలి. ఇందుకు ప్రతి రెక్కా ఒక్కొక్క చుట్టు తిరిగేలోపల ఒకచోట వాలు పెంచుకుని, ఎదుటిచోట తగ్గించుకోవాలి. ఈ ఏర్పాటు పేరు ‘సైక్లిక్’. ఇరుసు చుట్టూ ఉండే ఒక చిన్న పళ్ళెం ఈ పని చేస్తుంది. దాన్ని ‘స్వాష్‌ప్లేటు’ అంటారు. పళ్ళెం ఎటు వంగితే, దానికి బిగించిన సన్నని కడ్డీలు రెక్కలను ఆ ప్రకారం మెలి తిప్పుతాయి.

ఇక్కడొక వింత ఉంది. హెలికాప్టరు ముక్కు కిందికి వంచాలంటే వెనక తోపు పెంచాలని మనం అనుకుంటాం. అలా చేస్తే హెలికాప్టరు ముందుకు వంగదు, పక్కకు వంగుతుంది! కారణం తెలియాలంటే బొంగరాన్ని తలచుకోండి. తిరగని బొంగరాన్ని వాల్చి వదిలితే పడిపోతుంది. తిరిగే బొంగరం వాలినా పడదు, దాని తల గుండ్రంగా తిరుగుతుంది. భూమి దాన్ని కిందికి లాగుతుంటే అది పక్కకు జరుగుతుంది. తిరిగే వస్తువును ఒకచోట నెడితే, ఫలితం తిరిగే దిశలో సుమారు 90 డిగ్రీల తరువాత కనపడుతుంది.

నమూనా హెలికాప్టర్లలో చాలావాటి రెక్కలు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతాయి. అంటే ముందునుంచి కుడికి, కుడినుంచి వెనక్కి. వెనకభాగం లేవాలంటే రెక్క కుడిపక్కన ఉన్నప్పుడే దాని వాలు పెరగాలి. స్వాష్‌ప్లేటును బిగించేవారు ఈ 90 డిగ్రీల లెక్కను ముందే చూసుకుంటారు. కాబట్టి నడిపేవానికి ఆ చిక్కు లేదు. అతడు స్టిక్కు ముందుకు తోస్తే హెలికాప్టరు ముందుకే వంగుతుంది.

తోకన ఉన్న చిన్న చక్రం సంగతి మీకు తెలిసే ఉంటుంది. మోటారు పెద్ద రెక్కలను ఒకవైపు తిప్పితే, ప్రతిచర్యగా హెలికాప్టరు ఒడలు రెండోవైపు తిరగబోతుంది. తోక రెక్కలు పక్కకు గాలి తోసి దాన్ని ఆపుతాయి.

ప్రభకు మోకులు, హెలికాప్టరుకు జైరో

మహాశివరాత్రికి మా చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళనుంచి కోటప్పకొండకు ప్రభలు కదులుతాయి. తాటిచెట్లను మించిన ఎత్తు ఉండే ఆ ప్రభ పడకుండా ఎలా నిలుస్తుందో గమనించారా? నాలుగు పక్కలా మోకులు కట్టి మనుషులు పట్టుకుంటారు. ప్రభ తూర్పుకు ఒరగబోతే పడమటి మోకు లాగుతారు. బాగా ఒరిగిందాకా ఆగితే ఎంతమంది లాగినా ప్రయోజనం ఉండదు. ఒరగడం మొదలైన క్షణంలోనే పసిగట్టాలి, కొద్దిగా లాగాలి, వెంటనే వదలాలి. హెలికాప్టరును గాలిలో నిలపడమంటే సరిగ్గా ఇదే పని.

ఈ పనిని యంత్రానికి అప్పగించే మార్గం నమూనాలతోనే దొరికింది. ఆర్థర్ యంగ్ అనే అమెరికన్ 1928 నుంచి పన్నెండేళ్ళకు పైగా చిన్న చిన్న నమూనా హెలికాప్టర్లను చేస్తూ, ఎగరేస్తూ, విరగ్గొట్టుకుంటూ గడిపాడు. పైకి లేచిన ప్రతి నమూనా కాసేపటికి ఒరిగి పడిపోయేది. చివరకు రెక్కలకు అడ్డంగా, రెండు కొసల బరువులు ఉన్న ఒక కడ్డీని బిగించాడు. తిరిగే కడ్డీ బొంగరంలాగా తన తలాన్ని వదలదు. హెలికాప్టరు ఒరిగితే ఆ కడ్డీ రెక్కల వాలును తగినట్టు మార్చి సరిచేసేది. 1941లో ఆ నమూనాను బెల్ విమాన కంపెనీ వారికి చూపించాడు. దాని ఫలితమే బెల్ 47. 1946 మార్చి 8న అమెరికాలో పౌరుల వాడకానికి అనుమతి పొందిన మొదటి హెలికాప్టరు అది. బొమ్మలతో ఆడుకుంటున్నాడని ఎవరైనా నవ్వి ఉంటే, ఆ నవ్వుకు జవాబు ఆకాశంలో ఎగిరింది.

నమూనా హెలికాప్టర్లు కూడా చాలాకాలం ఇలాంటి కడ్డీలతోనే ఎగిరాయి. ఇప్పుడు ఆ స్థానంలో గోరంత ఎలక్ట్రానిక్ జైరోలు వచ్చాయి. అవి హెలికాప్టరు ఎటు, ఎంత వేగంగా తిరుగుతోందో సెకనుకు వందలసార్లు కొలిచి, మోకు లాగేవారిలాగా వెంటవెంటనే సరిచేస్తాయి.

పిల్లిమొగ్గలో లెక్క

ఇక అసలు పల్టీకి వద్దాం. హెలికాప్టరు గాలిలో నిలిచి ఉంది. సైక్లిక్ స్టిక్కును వెనక్కి లాగితే ముక్కు పైకి లేచి, వెనక్కి తిరగబడి, చుట్టు తిరిగి మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ చుట్టుకు ఒక సెకను పడుతుందనుకోండి. ఆ సెకనులో కలెక్టివ్ స్టిక్కును ఏం చేయాలి?

మొదట నిటారుగా ఉన్నప్పుడు ప్లస్ కోణం. పావు చుట్టు తిరిగి ముక్కు ఆకాశాన్ని చూస్తున్నప్పుడు సున్న. అప్పుడు రెక్కల చక్రం గోడలాగా నిలబడి ఉంటుంది. అప్పుడు తోపు ఇస్తే అది హెలికాప్టరును పైకి లేపదు, పక్కకు ఈడ్చుకుపోతుంది. సగం చుట్టులో తలకిందులైనప్పుడు మైనస్. ముప్పావు చుట్టులో మళ్ళీ సున్న. చుట్టు పూర్తయ్యేసరికి మళ్ళీ ప్లస్. కోణమితి చదివినవారు దీన్ని వెంటనే గుర్తుపడతారు. 0, 90, 180, 270, 360 డిగ్రీలకు కొసైన్ విలువలు వరసగా 1, 0, −1, 0, 1. నడిపేవాని బొటనవేలు ఒక సెకనులో కొసైన్ వక్రాన్ని గీస్తోందన్నమాట!

ఇంకొక మెట్టు ఎక్కుదాం. తోపు కొసైన్ ప్రకారం మారుతోంది. ఆ తోపులో బరువును మోసే నిలువు భాగం ఎంత? దాన్ని మళ్ళీ కొసైన్‌తో గుణించాలి. అంటే కొసైన్ వర్గం. ఒక పూర్తి చుట్టులో కొసైన్ వర్గం సగటు విలువ సగం. కాబట్టి పిల్లిమొగ్గ వేస్తున్నంతసేపూ రెక్కలు సగటున హెలికాప్టరు బరువులో సగమే మోస్తాయి. మిగిలిన సగం బరువుకు అది పడిపోతూనే ఉంటుంది. ఆ పతనంలో త్వరణం సగటున 9.8లో సగం, అంటే సెకనుకు సెకనుకు 4.9 మీటర్లు. ఒక సెకనులో పడే దూరం 4.9లో సగం, అంటే 2.45 మీటర్లు.

మరి ఎత్తు కోల్పోకుండా పిల్లిమొగ్గ వేయడం ఎలా? పల్టీకి ముందు హెలికాప్టరును సెకనుకు సుమారు 2.45 మీటర్ల వేగంతో పైకి లేపాలి. అప్పుడు లేచేది, పడేది సరిపోయి బయలుదేరిన ఎత్తుకే వస్తుంది. కాని చుట్టు ముగిసేసరికి అదే వేగంతో కిందికి దిగుతూ ఉంటుంది. కనుక వెంటనే కలెక్టివ్ పెంచి ఆపాలి. అనుభవం ఉన్నవారు పల్టీకి ముందు చిన్న ఎగురుడు ఇచ్చి, తరువాత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఇదే. వారిలో ఈ లెక్క ఎప్పుడూ వేయనివారు చాలామంది ఉండవచ్చు. కాని వారి వేళ్ళకు అది తెలుసు.

పొరపాటు జరిగితే? తలకిందులుగా ఉన్నప్పుడు కంగారులో మైనస్‌కు బదులు ప్లస్ ఇచ్చారనుకోండి. భూమి కిందికి లాగుతుంది, రెక్కలూ కిందికే తోస్తాయి. తోపు బరువుకు సమానమైతే త్వరణం రెట్టింపు, 19.6. ఒక్క సెకనులో 9.8 మీటర్లు! అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. ఆ సెకను చివర వేగం గంటకు సుమారు 70 కిలోమీటర్లు. అందుకే మొదటి పిల్లిమొగ్గను ఎప్పుడూ ఎత్తులో వేయాలి. నేలకు దగ్గరైతే భద్రమని తోస్తుంది గాని, ఇక్కడ ఎత్తే భద్రత.

చేతులకు కొత్త చదువు

లెక్క తెలిసింది కదా, ఇక ఎగరేద్దామా? అప్పుడే కాదు. ఈత పుస్తకం చదివి బావిలో దూకిన వాడి కథ అవుతుంది.

మొదటి మెట్టు కంప్యూటరు. నిజమైన ట్రాన్స్‌మిటరును కంప్యూటరుకు కలిపి తెరమీద హెలికాప్టరును నడిపించే సిమ్యులేటర్లు ఉన్నాయి. అందులో వందసార్లు కూలినా ఒక మీట నొక్కితే హెలికాప్టరు మళ్ళీ సిద్ధం. బయట ఒక్కసారి కూలితే రెక్కలు, ఇరుసు, పళ్ళచక్రాలు, వేల రూపాయలు!

రెండవ మెట్టు, నిలిచిన చోట నిలపడం. మొదట తోక మనవైపు పెట్టుకోవాలి. తరువాత పక్కకు, చివరకు ముక్కు మనవైపు. ముక్కు మనవైపు తిరగగానే కుడి ఎడమలు తారుమారవుతాయి. అద్దంలో చూస్తూ కత్తెర పట్టినట్టు ఉంటుంది. ఇది చేతికి వచ్చేదాకా పిల్లిమొగ్గ జోలికి పోకూడదు.

మూడవ మెట్టు, తలకిందులుగా నిలపడం. ఇదీ ముందు కంప్యూటరు మీదనే. తోక మనవైపే ఉండి హెలికాప్టరు తలకిందులైందనుకోండి. కుడి ఎడమలకు వంచే స్టిక్కు మారదు. కాని ముందుకు తోస్తే హెలికాప్టరు వెనక్కి, మనమీదికి వస్తుంది. తోకను తిప్పే స్టిక్కు వ్యతిరేకంగా పనిచేస్తుంది. కలెక్టివ్‌ను కిందికి లాగితే పైకి లేస్తుంది! నాలుగింటిలో మూడు తిరగబడ్డాయి, ఒకటి తిరగబడలేదు. అన్నీ తిరగబడినా ఇంత కష్టం ఉండకపోవును. ఇక్కడ ఆలోచించి చేయడానికి సమయం ఉండదు. ‘ఇప్పుడు తలకిందులుగా ఉంది కాబట్టి...’ అని మనసులో వాక్యం పూర్తయ్యేలోగా అది నేలమీద ఉంటుంది. సైకిలు తొక్కేటప్పుడు ఎటు ఒరిగితే హ్యాండిల్ ఎటు తిప్పాలో మీరు ఆలోచిస్తున్నారా? లేదు. రోజూ కొద్దిసేపు చొప్పున నెలల తరబడి సాధన చేస్తేనే ఆ తెలివి తలలోనుంచి చేతుల్లోకి దిగుతుంది.

నాలుగవ మెట్టులోనే అసలు పిల్లిమొగ్గ. పూర్తి చుట్టు వేయడం వచ్చినా, సగం చుట్టులో ఆగి తలకిందులుగా నిలబడడం వచ్చేదాకా నేర్చుకున్నట్టు కాదు. మధ్యలో చిక్కుకుంటే బయటపడడం తెలియాలి గదా!

రెక్క బొమ్మ కాదు

ఇంతవరకూ ఆట. ఇప్పుడు చెప్పేది ఆట కాదు. రెక్కల చక్రం వ్యాసం 70 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 2,800 చుట్లు అనుకోండి. మధ్యరకం నమూనాలు ఈ పాటివే. చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. సెకనుకు దాదాపు 47 చుట్లు. అంటే రెక్క కొస వేగం సెకనుకు 103 మీటర్లు, గంటకు 370 కిలోమీటర్లు! తిరుగుతున్నప్పుడు ఆ రెక్క కంటికి కూడా కనపడదు. 2013 సెప్టెంబరులో న్యూయార్కు నగరంలోని ఒక పార్కులో, ఇలాంటి విన్యాసాలలో చేయి తిరిగిన 19 ఏళ్ళ యువకుడు తన హెలికాప్టరు రెక్క తగిలే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. నేర్పు ఉన్నవానికి కూడా దూరమే రక్ష.

కాబట్టి ఒంటరిగా ఎగరేయవద్దు. తెలిసిన పెద్దవారు పక్కన ఉండాలి. మనుషులు, పశువులు, కరెంటు తీగలు, రహదారి లేని ఖాళీ నేల కావాలి. మాకు దగ్గరలో జాతీయ రహదారి ఉంది, పొలాల మీదుగా తీగలు ఉన్నాయి. పత్తి తీసేసిన చేను ఖాళీగా కనిపించినా ముందు తలెత్తి చూడాలి. వీటిలోని లిథియం బ్యాటరీ నలిగినా, ఎక్కువగా చార్జి చేసినా నిప్పంటుకోవచ్చు. మన దేశంలో 2021 నాటి డ్రోన్ నిబంధనలు ఉన్నాయి. ఎక్కడ ఎగరవచ్చో, ఎంత ఎత్తువరకో ప్రభుత్వం ‘డిజిటల్ స్కై’ పటంలో చూపుతుంది. అది చూడకుండా ఎగరేయరాదు.

మనుషులెక్కేవి, మనుషులు లేనివి

మనుషులెక్కే హెలికాప్టర్లు కూడా పల్టీ కొడతాయా? కొట్టాయి. 1949లోనే అమెరికాలో సికోర్‌స్కీ ఎస్-52 హెలికాప్టరుతో హెరాల్డ్ థాంప్సన్ గాలిలో నిలువు చుట్లు తిరిగాడు. కాని అది నమూనా వేసే పిల్లిమొగ్గ వంటిది కాదు. నీళ్ళ చెంబును తాడుకు కట్టి గిరగిరా తిప్పితే నీళ్ళు ఒలకవు గదా, అలాగే వేగంగా పెద్ద చుట్టు తిరుగుతారు. తలకిందులుగా ఉన్నప్పుడు కూడా రెక్కలు ప్లస్ కోణంలోనే ఉండి, హెలికాప్టరును చుట్టు మధ్యకు లాగుతుంటాయి. అక్కడే ఆగి నిలబడడం వాటికి చేతకాదు.

మన దేశంలో తయారైన ‘ధ్రువ్’ హెలికాప్టరు 1992లో మొదటిసారి ఎగిరింది. దాని రెక్కలను మొదట్లో కీళ్ళు లేకుండా బిగించారు. అందువల్ల స్టిక్కు కదిపిన వెంటనే ఒడలు స్పందిస్తుంది. 2003లో ఏర్పడిన మన వైమానిక దళపు ‘సారంగ్’ బృందం విన్యాసాలకు ఎంచుకున్నది ఈ ధ్రువ్‌నే.

మనిషి వేళ్ళు అసలే అందని చోట ఎగిరిన హెలికాప్టరు కూడా ఒకటుంది. 2021 ఏప్రిల్ 19న అంగారక గ్రహం మీద ‘ఇన్‌జెన్యూటీ’ అనే 1.8 కిలోల హెలికాప్టరు 3 మీటర్లు పైకి లేచి, 39 సెకన్లు గాలిలో ఉండి దిగింది. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో నూటికి ఒక వంతు మాత్రమే. అందుకే 1.2 మీటర్ల రెక్కలను నిమిషానికి 2,400కు పైగా చుట్లు తిప్పారు. భూమినుంచి రేడియో సంకేతం చేరడానికే నిమిషాలు పడుతుంది గనుక, నిలకడంతా దాని జైరోలూ కంప్యూటరే చూసుకున్నాయి. దాని ప్రధాన ఇంజనీరు బాబ్ బలరామ్. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో చదువుకున్నారాయన. ఐదుసార్లు ఎగిరితే చాలనుకున్న ఆ హెలికాప్టరు 2024 జనవరి 18 దాకా 72 సార్లు ఎగిరింది.

మీరు చేసి చూడండి

ఇదంతా నేర్చుకోవడానికి ఖరీదైన హెలికాప్టరే అక్కరలేదు. సైకిలు షాపులో పాత ముందు చక్రాన్ని అడిగి తీసుకోండి. ఇరుసు రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకుని, చక్రం మీకు ఎదురుగా నిలువుగా ఉండేట్టు చూసుకోండి. చువ్వల్లోకి వేళ్ళు పోకుండా జాగ్రత్తపడుతూ, స్నేహితుణ్ణి గట్టిగా తిప్పమనండి. ఇప్పుడు కుడిచేతిని పైకెత్తి, ఎడమచేతిని దించి చక్రాన్ని పక్కకు వంచబోండి. చక్రం మీ మాట వినదు. ఇరుసు ఒక కొస ముందుకు, రెండో కొస వెనక్కి తిరగబోతుంది. 90 డిగ్రీల వింత మీ మణికట్టుకే తెలుస్తుంది. చక్రాన్ని ఎదురు దిశలో తిప్పి మళ్ళీ వంచండి. ఈసారి ఏ కొస ముందుకు వచ్చింది?

చివరగా ఒక లెక్క మీకే వదులుతున్నాను. పిల్లిమొగ్గను ఒక సెకనులో కాక అర సెకనులో పూర్తిచేస్తే హెలికాప్టరు ఎంత దూరం పడుతుంది? సగమా? కాదు. కాగితం, కలం తీసుకోండి. జవాబు వచ్చాక, చేయి తిరిగినవారు పల్టీని అంత చురుగ్గా ఎందుకు కొడతారో మీరే చెప్పగలరు.